గరికకు జీవన ధ్రువపత్రం

నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో నన్నెవరైనా దేనికైనా నిపుణుడు అనడం అదే మొదటిసారి. అందుకే నన్ను గడ్డి నిపుణుడిగా నియమించిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు ఇంటికి వెళ్తూ మిఠాయి కూడా కొన్నాను.

మాది కార్యదక్షతాభివృద్ధి సంస్థ. వేరే కార్యాలయాల్లో సరిగ్గా పని చేయనివాళ్లను వారం రోజుల శిక్షణకు మా దగ్గరికి పంపుతారు. శిక్షణ ఇచ్చేది ఎవరంటే, అసలు పని చేయక ఇక్కడికి శాశ్వతంగా బదిలీ అయినవాళ్లు. వాళ్లలో నేనొకణ్ని. పేరు విఠల్, హోదా సీనియర్ అసిస్టెంట్, పదమూడేళ్లుగా అదే హోదా. మా సంస్థలో వచ్చినవాళ్లకు చూపించదగ్గది ఏదైనా ఉందంటే భవనం ముందున్న అర ఎకరం పచ్చిక. దాన్ని చూసుకునేది పోసవ్వ. పదిహేడేళ్లుగా తాత్కాలిక తోటమాలి. సర్వీసు ఎక్కడా తెగకుండా వచ్చే జూన్ దాకా చేస్తే పర్మినెంటు జాబితాలో ఆమె పేరెక్కుతుంది. ఆ జాబితా సంగతి నేను కనబడినప్పుడల్లా చెప్పేది.

ఇంతలో ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎక్కడో ఒక కార్యాలయంలో ఒక తోటమాలి తొమ్మిదేళ్లపాటు లేని గులాబీ తోటకు నీళ్లు పోశాడట. అది బయటపడ్డాక పైవాళ్లు తీవ్రంగా ఆలోచించి 'ఆవరణలోని సజీవ ఆస్తుల గుర్తింపు, నిర్వహణ మరియు వార్షిక జీవన ధ్రువీకరణ' అనే నియమావళి తెచ్చారు. ఏటా నవంబరులో పింఛనుదారులు తాము బతికే ఉన్నామని కాగితం ఇస్తారు కదా, ఇక మీదట చెట్టూ చేమా కూడా అలాగే ఇవ్వాలి. వాటికి సంతకం రాదు కనక వాటి తరఫున ఒక గుర్తింపు అధికారి పెట్టాలి. ఏడో నియమం ఇలా ఉంది: 'సజీవ పచ్చిక ఒకటికి తోటమాలి ఒకరు. పచ్చిక నిర్జీవమైనచో సదరు కొలువు తనంతట తానే రద్దగును.'

సిబ్బంది అర్హతల జాబితా తిరగేస్తే మొత్తం సంస్థలో వృక్షశాస్త్రం చదివినవాడిగా నేనొక్కణ్నే తేలాను. బీఎస్సీ. రికార్డు పుస్తకంలో బొమ్మలు మా అక్క గీసింది. ప్రాక్టికల్ పరీక్షలో పక్కవాడి సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసి పాసయ్యాను. ఈ సంగతులు జాబితాలో రాయడానికి గడులు లేవు.

మా పరిపాలనాధికారి హయగ్రీవరావు గారు నన్ను పిలిచి, "విఠల్ గారూ, తమరి శాస్త్రీయ పరిజ్ఞానాన్ని సంస్థ ఇన్నాళ్లూ వినియోగించుకోకపోవడం పరిపాలనాపరమైన లోపం. ఆ లోపాన్ని ఇందుమూలంగా సవరిస్తున్నాం" అన్నారు. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఇందుమూలంగానే అడుగుతారని అంటారు. నేను పొంగిపోయాను.

మర్నాడు భూతద్దం, తెల్ల కాగితాలు, పట్టకారు తీసుకుని పచ్చికలో దిగాను. పట్టకారు ఎందుకో నాకూ తెలియదు, చేతిలో ఉంటే బాగుంటుందనిపించింది. అరగంట మోకాళ్ల మీద పాకాక ఒక మొక్కను పట్టుకుని నోట్సు రాయడం మొదలుపెట్టాను. పోసవ్వ కలుపు తీస్తూ తీస్తూ నా పక్కకొచ్చింది.

"అది గాదు సారూ. అది తుంగ. దాన్నే నేను పీకుతున్న."

"నీకెలా తెలుసు?"

"కాడ ఏళ్ల నడుమ పెట్టి తిప్పు. మూడు పలకలుంటది. గర్క కాడ గుండ్రం."

తిప్పి చూశాను. మూడు పలకలే. నేను మూడు పేజీల నోట్సు కొట్టేశాను. అప్పుడామె నాకు గరికను చూపించింది. నేల మీద పాకే తీగ, కణుపు కణుపుకీ వేళ్లు, ఆకు మొదట్లో సన్నటి తెల్ల నూగు, కోడికాలి వేళ్లలా విచ్చుకున్న కంకి.

"ఎండకాలపు గడ్డి సారూ ఇది. ఎండ ఎంత గొడితే గంత సంబురంగ పాకుతది. నీడల పెట్టినవా, అలుగుతది. సలికాలం పండుకుంటది. బొత్తిగ గోధుమరంగైతది. శివరాత్రి ఎల్లినంక లేస్తది. గిదంత రాసుకో."

రాసుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను.

ఇక దరఖాస్తు సంగతి. పైవాళ్లు సజీవ ఆస్తుల కోసం కొత్త ఫారం తయారుచేసే తీరిక లేక ఉద్యోగుల సర్వీసు ఫారం మీద పేరు మార్చి పంపారు. తండ్రి పేరు అని ఒక గడి ఉంది. 'వర్తించదు' అని రాస్తే, నింపని గడి ఉండరాదని వెనక్కి వచ్చింది. 'ప్రభుత్వం' అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గుర్తింపు చిహ్నాలు రెండు రాయమన్నారు. ఒకటి, కణుపులకు వేళ్లు. రెండు, కోడికాలు వంటి కంకి. పేరు గడిలో 'గరిక' అని రాశాను. హయగ్రీవరావు గారు దాన్ని ఎర్ర సిరాతో చుట్టారు.

"గరికా? దారిన పోయేవాడు కూడా గరికను గుర్తుపడతాడే! దానికి నిపుణుడెందుకని ఆడిట్ వాళ్లు అడగరూ? ప్రతిపత్తికి తగిన నామధేయం సూచించండి."

'ఉష్ణకాల ఆస్తరణ తృణము' అని సూచించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

చివరి గడి 'సెలవుల వివరాలు'. నా కలం ఇక్కడ ఆగింది. చలికాలం మూడు నెలలు నిద్రపోతుందని నా దగ్గర రాసి ఉంది. కానీ జనవరిలో పైనుంచి తనిఖీ బృందం వస్తుంది. మా డైరెక్టర్ ప్రభంజనరావు గారు ఆ వారమే ఒక మీటింగులో, "నా సంస్థలో పచ్చదనానికి సెలవు లేదు" అని బల్ల గుద్ది చెప్పారు. పైగా నా ప్రమోషన్ ఫైలు ఆయన దగ్గరే ఉంది. సూపరింటెండెంటు కావడానికి ఒక్క సంతకం దూరంలో ఉన్న మనిషి గడ్డి నిద్ర గురించి పట్టుబడతాడా? 'సెలవు పెట్టదు. సంవత్సరం పొడవునా హరితముగా నుండును' అని రాసి సంతకం చేశాను. డైరెక్టర్ గారు నా భుజం తట్టారు. నాకు ఆ రోజంతా భుజం హాయిగా ఉంది.

మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరున్న మా పట్నంలో డిసెంబరు వచ్చిందంటే చలి ఎముకల్లో దూరుతుంది. మొదటి వారం పచ్చిక పసుపు తిరిగింది. రెండో వారం గోధుమరంగైంది. మూడో వారానికి భవనం ముందు అర ఎకరం ఎండుగడ్డి పరిచినట్టుగా ఉంది.

అత్యవసర సమావేశం జరిగింది. డైరెక్టర్ గారు నా నివేదికను పైకెత్తి చూపించి, "సెలవు పెట్టదని నిపుణుడు లిఖితపూర్వకంగా చెప్పిన పచ్చిక విధులకు గైర్హాజరైంది. దీని అర్థమేమిటి?" అన్నారు.

ఆ క్షణంలో లేచి, 'సార్, నేను తప్పు రాశాను' అంటే సరిపోయేది. నేను లేచాను కూడా. లేచి, "పోషణ పెంచి చూద్దాం సార్" అని కూర్చున్నాను.

పోషణ పెంచారు. రోజూ తెల్లారకముందే ట్యాంకరు నీళ్లు. వారానికి రెండుసార్లు యూరియా. పోసవ్వ అడ్డం తిరిగింది. "పండుకున్నోళ్ల నోట్లె అన్నం కుక్కుతరా సారూ? ఏర్లు మురుగుతయ్" అంది. హయగ్రీవరావు గారు, "ఆమె అభిప్రాయం రికార్డులో నమోదు కావలసిన అవసరం లేదు" అన్నారు. నీళ్లు ఇంకక పచ్చిక బురదైంది. సమయపాలన మీద క్లాసు వినడానికి పరుగెత్తుకొస్తున్న ఇద్దరు శిక్షణార్థులు జారిపడ్డారు.

ఆకుపచ్చ రంగు కొడదామని ఒకాయన సలహా ఇచ్చాడు. ప్రభుత్వ ఆస్తులకు శాఖ ఆమోదించిన రంగే వాడాలని, అది లేత గోధుమ అని హయగ్రీవరావు గారు నియమం చూపించారు. "ఇప్పుడు ఆ రంగులోనే ఉంది కదండీ" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మనుషులు కాని జీవుల బాగోగులు చూసే డాక్టరు ఊళ్లో ఒక్కరే కనక పశువైద్యురాలు సునంద గారిని పిలిపించారు. ఆమె పచ్చికనూ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది. "నేను రోగిని చూస్తాను. రోగి భోజనాన్ని చూడను" అని స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. దాన్ని 'వైద్యులు ఆశలు వదులుకున్నారు' అని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఇక జీవన ధ్రువపత్రం మిగిలింది. గుర్తింపు అధికారి టిక్కు పెట్టాలి. రెండే గడులు: సజీవం, నిర్జీవం. నా ముందు కాగితం పెట్టి హయగ్రీవరావు గారు పక్కనే నిలబడ్డారు. సజీవమంటే, మరి పచ్చగా ఎందుకు లేదని అడుగుతారు. నిద్రపోతోందంటే, సెలవు పెట్టదని ఎందుకు రాశావంటారు. నిర్జీవమంటే పోసవ్వ కొలువు పోతుంది. నేను బాగా ఆలోచించి, రెండు గడుల మధ్య గీత మీద టిక్కు పెట్టాను. నా ముప్ఫై ఏళ్ల అనుభవమంతా ఆ టిక్కులో ఉంది.

హయగ్రీవరావు గారు స్కేలు పెట్టి కొలిచారు. టిక్కు పొడుగు కాలు నిర్జీవంలో పడింది.

సంతాప సభ పచ్చిక మీదే జరిగింది. కుర్చీలు వేయడానికి వేరే చోటు లేదు. రెండు నిమిషాలు మౌనం పాటించాం, మేం మౌనంగా దేని మీద నిలబడ్డామో ఆలోచించకుండా. డైరెక్టర్ గారు "పచ్చిక నేడు మన మధ్య లేదు" అంటూ కళ్లు తుడుచుకున్నారు. మృతురాలికి దగ్గరి మనిషని పోసవ్వను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ వెంటనే హయగ్రీవరావు గారు కొలువు రద్దు ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఫొటోలో రెండూ పడ్డాయి.

సాయంత్రం ఆమె ఉత్తర్వు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"ఏమున్నది సారూ దీంట్ల?"

చదివి చెప్పాను. 'పచ్చిక నిర్జీవమైనందున' అని చదివేటప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

"సచ్చిందని ఎవలు జెప్పిండ్రు?"

నేను ఫైలు సర్దాను. సర్దిందే మళ్లీ సర్దాను. ఆమె బయటికి వెళ్లి ఒక ఎండు తీగ తెచ్చింది. నా ముందే కణుపు దగ్గర గోటితో గిల్లి చూపించింది. లోపల తెల్లగా, తడిగా ఉంది.

"సచ్చినదాంట్ల పాలుంటయా? సూడు. ఆరు నెలలైతే పర్మినెంటైతుంటి సారూ." తీగను నా టీ గ్లాసులో వేసి వెళ్లిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, మర్నాటికి సయించింది.

తనిఖీ బృందం వచ్చేలోగా ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. అది చలికి వాడదు, ఎండకు పెరగదు, తోటమాలిని అడగదు. బృందం మెచ్చుకుంది. దానికి జీవన ధ్రువపత్రం అక్కర్లేదని, ఎన్నడూ సజీవం కానిది నిర్జీవమయ్యే ప్రసక్తి లేదని హయగ్రీవరావు గారు నోటు పెట్టారు. అంత తెలివైన నోటు నేను మా కార్యాలయంలో మళ్లీ చూడలేదు.

కానీ నా టీ గ్లాసులో తీగ ఉంది కదా. పారేయబోయి ఆగాను, ఎందుకో కాస్త నీళ్లు పోశాను. కిటికీ పక్కన ఎండ తగిలే చోట పెట్టాను. ఇరవై రోజులకు కణుపు దగ్గర సూది మొనంత పచ్చటి మొలక వచ్చింది. నేను గ్లాసును ఫైళ్ల వెనక దాచాను. మనిషి సిగ్గును దాచడానికి ఇంత చిన్న చోటు సరిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

శివరాత్రి వెళ్లింది. ఎండ ముదిరింది. ఒకరోజు ఉదయం డైరెక్టర్ గారు కారు దిగి, ప్లాస్టిక్ పచ్చిక మీద అడుగు పెట్టబోయి, ఆగిపోయారు. ప్లాస్టిక్ ముక్కల అతుకుల్లోంచి పచ్చటి సూదులు వరసగా లేచి నిలబడ్డాయి. మధ్యాహ్నానికి అతుకులు ఉబ్బాయి. మూడో రోజుకు తీగలు ప్లాస్టిక్ పైకెక్కి పాకసాగాయి. ప్లాస్టిక్ పచ్చదనం పక్కన ఆ పచ్చదనం పెడితే, ప్లాస్టిక్‌ది ఒట్టి పెయింటని గుడ్డివాడికైనా తెలిసేది.

హయగ్రీవరావు గారు వెంటనే ఫైలు తెరిచారు. 'ఆవరణలో గుర్తు తెలియని వృక్షజాతి అనధికార ఆక్రమణ'. మందు కొట్టి చంపాలి. అయితే గుర్తించకుండా చంపరాదని నియమావళిలోనే ఉంది. మళ్లీ ఫారం నా బల్ల మీదికొచ్చింది. మందు కొట్టడానికి రోజుకూలీ మీద ఒకరిని పిలిపించారు. ఊళ్లో ఆ పని వచ్చిన మనిషి ఒక్కరే.

పోసవ్వ వీపున మందు పంపు తగిలించుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"కాయితం అయితెగాని కొట్టద్దన్నరు సారూ. నువ్వే గద దీన్ని ఎరుకజేసింది. కొట్టమంటవా?"

హయగ్రీవరావు గారు పక్కకొచ్చి నా చెవిలో మెల్లగా, మామూలు తెలుగులో మాట్లాడారు. ఆయన అలా మాట్లాడటం మొదటిసారి విన్నాను. "పిచ్చి మొక్క అని రాసెయ్యవయ్యా. గరికంటే మనం బతికున్నదానికి సంతాప సభ పెట్టినట్టు తేలుతుంది. నీ ప్రమోషన్ ఫైలు ఈ శుక్రవారం సంతకానికి వెళ్తోంది."

నాకు ధైర్యం పొంగుకొచ్చిందని చెబితే మీరు నమ్మరు, నేనూ నమ్మను. పిచ్చి మొక్క అని రాయడానికే కలం తీశాను. కానీ ఫారంలో మొదటి గడి, గుర్తింపు చిహ్నాలు రెండు. చేతికి అలవాటైన పని కదా, ఒకటి కణుపులకు వేళ్లు, రెండు కోడికాలు వంటి కంకి అని రాసేసింది. తలెత్తితే పోసవ్వ పంపు గొట్టం నేలకు పెట్టి నా కలం వంక చూస్తోంది. తను పదిహేడేళ్లు పెంచినదాన్ని తన చేత్తోనే చంపమని నేను రాయాలి. ఇక నావల్ల కాలేదు.

ఫైళ్ల వెనకనుంచి గ్లాసు తీసి బల్ల మీద పెట్టాను. పేరు గడిలో 'గరిక' అని రాశాను. సెలవుల వివరాల్లో, 'డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నిద్రించును. ఈ సంగతి తోటమాలి పోసవ్వ నాకు ముందే చెప్పినది. నేను వ్రాసుకొనియు, ప్రమోషన్ మీది ఆశతో దాచితిని. పచ్చిక చావలేదు' అని రాశాను. కింద ఒక దరఖాస్తు జతపరిచాను: 'పై పచ్చిక చలికాలమున మూడు నెలలు సెలవులో ఉన్నట్టుగా భావించి, ఆ సెలవును వెనకటి తేదీ నుంచి మంజూరు చేయవలెను. పచ్చిక సెలవులో ఉన్నదే గాని చావలేదు గనుక, తోటమాలి సర్వీసు తెగలేదు.' గరిక తరఫున సంతకం నాదే.

"కొట్టకు" అన్నాను పోసవ్వతో. పంపు దించింది.

మా సంస్థకు నిజం ఎలా సర్దాలో తెలియదు గానీ, సెలవు దరఖాస్తు ఎలా మంజూరు చేయాలో బాగా తెలుసు. సంతాప సభ సంగతి పైవాళ్ల దాకా పోకుండా ఉండాలంటే అదొక్కటే దారని డైరెక్టర్ గారికీ తోచింది. పది రోజుల్లో గరికకు తొంభై రోజుల ఆర్జిత సెలవు మంజూరైంది. పోసవ్వ తిరిగి చేరింది, సర్వీసు తెగలేదు. జూన్ జాబితాలో ఆమె పేరు నలభై ఒకటోది. శాలువా వెనక్కి ఇవ్వమన్నారు. ఇవ్వలేదు.

నా ప్రమోషన్ ఫైలు ఆ శుక్రవారం సంతకానికి వెళ్లలేదు, ఆ తర్వాతి శుక్రవారాలూ వెళ్లలేదు. తప్పుడు గుర్తింపు నివేదిక ఇచ్చినందుకు నాకు మెమో, దాంతోపాటు నెల రోజుల పునశ్చరణ శిక్షణ. శిక్షణ ఇచ్చేది, ఆ విషయంలో అనుభవమున్న ఏకైక వ్యక్తిగా, శ్రీమతి పోసవ్వ.

నెల రోజులు ఆమె చెప్పినట్టు చేశాను. తుంగను గడ్డతో సహా తవ్వి తీశాను. పైపైన పీకితే రెండు మొలుస్తాయట. మూడో వంతుకు మించి కోయకూడదని నేర్చుకున్నాను. నీళ్లు రోజూ చిలకరించకుండా వారానికి రెండుసార్లు లోతుగా తడపాలట, అప్పుడే వేళ్లు కిందికి దిగుతాయి. జల్లించిన ఇసుకా ఎరువూ కలిపి చల్లాను. నా మోకాళ్లు కాయలు కాశాయి. ఆమె ఒక్కరోజు కూడా మెచ్చుకోలేదు.

ఆఖరి రోజు శిక్షణ పూర్తయిన ఫారం తెచ్చాను. 'శిక్షణార్థిపై శిక్షకుల అభిప్రాయం' అని గడి ఉంది. ఆమె వేలిముద్ర వేస్తుంది, రాయాల్సింది నేనే.

"ఏం రాయమంటావు పోసవ్వా?"

ఆమె కొడవలి పక్కన పెట్టి, నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. తుంగో గరికో తేల్చుకుంటున్నట్టుగా చూసింది.

"రాయి సారూ. సచ్చిండనుకున్నం. పండుకున్నడంతె."

గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను. కింద ఆమె వేలిముద్ర వేసింది.